ఒక్క పక్కకే తిరిగే రింగు

నాకు ఈత రాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే తరవాత మా ఆవిడ చెబుతుంది. సముద్రం రెండుసార్లు చూశాను. రెండుసార్లూ చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాను. కోలారు బంగారు గనుల పక్కన మేముండే చాంపియన్ రీఫ్స్‌లో కొళాయి వచ్చిన రోజే పండగ. అలాంటివాణ్ణి, యాభై రెండేళ్ళ వయసులో, సముద్రంలో మునిగేవాళ్ళు కట్టుకునే ఖరీదైన గడియారాల మీద మనసు పడ్డాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నాది అంతకన్నా ముదిరిన పిచ్చి, ఎందుకంటే రోకలి చౌక.

రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, అక్కడొక ఆఫీసులో ఫైళ్ళు చూసి, సాయంత్రం మళ్ళీ రైల్లో కేజీఎఫ్ చేరడం నా బతుకు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఆ నాలుగు గంటల్లో పేకాడేవాళ్ళు పేకాడతారు, నిద్రపోయేవాళ్ళు పక్కవాడి భుజం మీద నిద్రపోతారు. నేను ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ఒక తెల్లాయన నీళ్ళలో మునిగి, చేతి గడియారం కెమెరాకు చూపించి, పైకొచ్చి తల తుడుచుకుని, దానికీ ఇంకో కంపెనీదానికీ ఉన్న తేడాలు ఓపిగ్గా చెబుతాడు. ఎనిమిది నెలలు విన్నాను. నా పెళ్ళికి సంబంధాలు చూసేటప్పుడు కూడా మావాళ్ళు ఇన్ని నెలలు తీసుకోలేదు. చివరికి రెండు మిగిలాయి, నల్ల డయల్ది ఒకటి, నీలి డయల్ది ఒకటి. కంపెనీల పేర్లు చెప్పను. చెబితే వాళ్ళు నాకు డబ్బులిచ్చారనుకుంటారు, ఆ డబ్బులేవని మా ఆవిడ అడుగుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ రెంటి గుణగణాలు ఇంట్లోవాళ్ళ ముందు పెట్టేవాణ్ణి. ఇంట్లోవాళ్ళంటే నాయన, అమ్మ, మా ఆవిడ. ఇల్లు గని కార్మికులకు వరసగా కట్టిన పాత మైన్ లైన్ల ఇల్లే, రెండు గదులు పెంచుకున్నాం అంతే.

మా నాయన ముప్పై ఏళ్ళకు పైగా మైన్లో దిగినవాడు. బంగారు గనులు మూతపడి చాలా ఏళ్ళయింది కానీ, లోపలి రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఇంకా డ్యూటీ చేస్తూనే ఉంది. ఆ ఏడాది మరీ ముదిరింది. ఇంట్లో ఉన్నంతసేపూ కరెంటు మీద నడిచే ఆక్సిజన్ మిషను, ముక్కుకు గొట్టం. నెలకొకసారి కోలారు ఆసుపత్రికి తీసుకుపోవాలి, దారికి ఒక చిన్న సిలిండరు. నింపి ఇచ్చేవాడు యాభై నిమిషాలు గ్యారంటీ అన్నాడు. దారి నలభై నిమిషాలు. ఐదు నిమిషాలు కూడా గొట్టం తీయకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అంటే మా చేతిలో ఉన్నది పది నిమిషాలు. సిలిండరు మీద ముల్లున్న మీటరు ఒకటి ఉంది కానీ, అది మొదటి నెలే సగంలో ఇరుక్కుని కదలడం మానేసింది. నెలంతా ఇంట్లో ఎవరూ ఆ పది నిమిషాల మాట ఎత్తేవాళ్ళు కాదు. అందరం దాని గురించే ఆలోచించేవాళ్ళం.

బహుశా అందుకే గడియారాల గురించి అంతగా మాట్లాడుకున్నాం. ఏదో ఒకటి మాట్లాడుకోవాలి కదా.

"నల్లదానికి మూడు వందల మీటర్లు నాయనా" అన్నాను మొదటి రోజు.

"అంటే ఎన్ని అడుగులప్పా?"

"దగ్గర దగ్గర వెయ్యి."

నాయన గొట్టం సర్దుకుని నా వంక జాలిగా చూశాడు. "వెయ్యి అడుగుల్లో ఏముంటాదప్పా? కేజ్ ఇంగా స్పీడు గూడా అందుకోదు. ఆడికి దిగేటోనికి వాచీ ఎందుకు? పైనుంచి కేకేస్తే వినపడతాది."

కేజ్ అంటే మనుషుల్ని మైన్లోకి దించే ఇనప పెట్టె. నాయన పదివేల అడుగులు దాటి పని చేసినవాడు, రాయి ముట్టుకుంటే చెయ్యి కాలే లోతుల్లో. ఆయన ముందు నేను వెయ్యడుగుల గడియారం గొప్పలు చెబుతున్నాను. నీలిదానికి ఆరు వందల మీటర్లని చెప్పి పరువు కాపాడుకోవాలని చూశాను.

"రెండు వేలా? సరే, అది కొత్తగా పనిలో చేరినోళ్ళకి."

ఇది మైన్ లోతు కాదు నాయనా, నీళ్ళ లోతు, నీళ్ళ బరువుకు గడియారం లోపలికి చెమ్మ పోకూడదు, అదీ లెక్క అని అరగంట వివరించాను. ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, నేను ఊహించని చోట పట్టుకున్నాడు.

"మైన్ మూసినాక పంపులు నిలిపేసినారు కదప్పా. ఇప్పుడు లోపలంతా నీళ్ళే. నేను కడాకి పని చేసిన లెవెల్‌కి ఇప్పుడు పోవాలంటే ఏ వాచీ కావాల?"

నేను ఫోను తీసి వెతికాను. నల్లది చాలదు. నీలిది చాలదు. మూడు వేల మీటర్లు దాటి ఆగేది ఒకటుంది, బిస్కట్ డబ్బా అంత మందం. దాని ధర చూసి ఫోను బోర్లా పెట్టేశాను. నాయన మాత్రం సంతోషించాడు. "అదీ వాచీ అంటే" అన్నాడు. "ఆడ నా టిఫిన్ డబ్బా ఒకటి ఉండిపోయినాది."

"పోయి తెచ్చుకుంటావా?" అంది అమ్మ వంటింట్లోంచి.

ఈ లోతుల పంచాయతీ అక్కడితో ఆగలేదు. మా ఆవిడది బూదికోట పక్క వ్యవసాయం ఇల్లు. వాళ్ళ తమ్ముడు ఓ ఆదివారం మామిడికాయలు తెచ్చి ఇచ్చి, విషయమంతా విని చాలాసేపు ఆలోచించాడు. "బావా, మా బోర్లో నీళ్ళు పద్నాలుగు నూర్ల అడుగుల కింద ఉండాయి. నీ వాచీ వెయ్యడుగులకే అయిపోయె. అది నీళ్ళ మొగం యాడ చూస్తాది?" అన్నాడు. కోలారు జిల్లాలో నీళ్ళకు ఆగే గడియారం కొనడమంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుందని నాకూ తెలుసు. తెలిసీ కొనాలనిపించడాన్నే మోజు అంటారు.

ఒక్కొక్క గుణమే మా ఇంట్లో పరీక్షకు నిలబడింది. నీలిదానికి పక్కన చిన్న కవాటం ఉంది. సముద్రం అడుగున గదుల్లో రోజుల తరబడి ఉండి పని చేసేవాళ్ళ గడియారాల్లోకి హీలియం అనే గాలి దూరుతుందట. పైకొచ్చేటప్పుడు అది బయటికి పోకపోతే అద్దం ఎగిరిపోతుంది, అందుకని ఆ కవాటం. నేను ఇది గంభీరంగా చెప్పాను. మా ఆవిడ, "కుక్కర్ విజిల్ అని చెప్పచ్చు కదండీ" అంది. ప్రపంచంలో ఈ కవాటం అవసరమయ్యేవాళ్ళు ఒక బస్సుకు సరిపోతారేమో. మిగతా అందరూ దానికి డబ్బులు పెట్టి, జన్మలో కూత వినని కుక్కర్ను చేతికి కట్టుకు తిరుగుతున్నారు. నీలిదానికి అక్కడ ఒక మార్కు తగ్గించాను.

చీకట్లో వెలిగే ముళ్ళ విషయంలో రెండూ సమానం. ఆకుపచ్చగా వెలుగుతాయి. కానీ వెలగాలంటే ముందు ఎండకో దీపానికో చూపించాలి. నాయనకు ఇది నచ్చలేదు. "ముందు వెలుతురు తాగితే గానీ వెలగదా? మైన్లో దానికి వెలుతురు యాడ తాపించేది? దానికన్నా నా టోపీ దీపం మేలు" అన్నాడు. మా ఆవిడ మాత్రం కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతకడానికి పనికొస్తుందని ఒప్పుకుంది.

పట్టీకి ఒక పొడిగింపు ఉంటుంది. మునిగేవాళ్ళు మందపాటి రబ్బరు చొక్కా మీద కట్టుకోవడానికి గడియారం పట్టీని బిళ్ళ నొక్కి సాగదీస్తారు. ఇది దండగ అని అందరూ తీర్మానించారు. నేనొక్కణ్ణే ఒప్పుకోలేదు. డిసెంబరులో తెల్లవారుజామున మా స్టేషన్లో నిలబడినవాడికి తెలుస్తుంది స్వెటర్ చేతి మీద గడియారం కట్టుకునే సుఖం. నా అనుభవంలో మూడు వందల మీటర్ల లోతు కన్నా ఆ అంగుళం పొడిగింపు ఎక్కువ పనికొచ్చింది. ఇది ఆ తెల్లాయన ఏ వీడియోలోనూ చెప్పలేదు.

గీత పడని అద్దం మాట వచ్చినప్పుడు అమ్మ మొదటిసారి గడియారం గురించి అడిగింది.

"ఆ అద్దం మీద కుంకం నిలుస్తాదా?"

"లేదమ్మా. జారిపోతుంది. ఏదీ అంటుకోని అద్దం."

"అట్లయితే దానితో ఏం పని?"

ఇది అర్థం కావాలంటే మా గూట్లో ఉన్న పాత టైంపీసు గురించి చెప్పాలి. మైన్ నడిచే రోజుల్లో షిఫ్టుకు సైరన్ ఉండేది, ఊరికంతా అదే గడియారం. కానీ సైరన్ కూయగానే మనిషి ఇంటికి రాడు. లోపలినుంచి కేజ్‌లో వరుసగా పైకి రావాలి, దీపం అప్పజెప్పాలి, అదంతా అయ్యేసరికి ఎంతసేపో. అమ్మ వేలితో తడి కుంకుమ తీసి, నాయన ఇల్లు చేరాల్సిన వేళకు టైంపీసు అద్దం మీద బొట్టు పెట్టేది. షిఫ్టు మారినప్పుడల్లా పాత బొట్టు తుడిచి కొత్త చోట పెట్టేది. చిన్న ముల్లు బొట్టును దాటేవరకు ఆమెకు ఆయన గురించి చింత లేదు. దాటితే ఇక కూర్చోదు, కేజ్ దిగే బావి, షాఫ్ట్ దగ్గరికి నడుస్తుంది. ఆ అద్దం ఇప్పటికీ అంచుల్లో ఎర్రగానే ఉంటుంది.

బొట్టు మాత్రం కరెక్టు వేళకు పెట్టేది కాదు. ఒక అరగంట ఆలస్యంగా పెట్టేది. ఎందుకని అడిగితే, "ముందుగా పెడితే దినామూ సుమ్నే భయపడాల" అనేది. సుమ్నే అంటే ఊరికే.

నాకు ఏడేళ్ళప్పుడు మైన్లో పెద్ద ఏర్ బ్లాస్ట్ వచ్చింది. లోపల రాతి ఒత్తిడికి గోడలు పగిలితే దాన్నలా అనేవాళ్ళు. పైన మా ఇళ్ళలో అటక మీది గిన్నెలు మోగేవి. చిన్నవి తరచూ వచ్చేవి కాబట్టి ప్రతిదానికీ ఎవరూ పరిగెత్తేవాళ్ళు కాదు. ఆ రోజు లైన్లలో ఆడవాళ్ళంతా పరిగెత్తారు. అమ్మ పోలేదు, ముల్లు ఇంకా బొట్టును తాకలేదు. తాకాక నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అప్పటికే నాయన తలకు కట్టుతో షాఫ్ట్ గేటు దగ్గర బెంచీ మీద అరగంటగా కూర్చుని ఉన్నాడు. పైకొచ్చినవాళ్ళందరికీ మనుషులొచ్చారు, ఆయనకొక్కడికే రాలేదు. ఆ మాట ఆయన అప్పటినుంచీ ఈనాటి వరకూ వదల్లేదు. కూరలో ఉప్పు తగ్గినా, "నువ్వు ఆ పొద్దే అరగంట లేటు" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. అమ్మ నవ్వగా నేను చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా నాకు ఈమధ్య దాకా తట్టలేదు.

"నీ బొట్టు పని చేయడానికి ఇందులో వేరే ఏర్పాటుందమ్మా" అని గడియారం అద్దం చుట్టూ ఉండే రింగు గురించి చెప్పాను. దాని మీద ఒక తెల్ల త్రికోణం ఉంటుంది. నీళ్ళలో దిగే ముందు రింగు తిప్పి, ఆ త్రికోణాన్ని పెద్ద ముల్లుకు ఎదురుగా పెట్టాలి. తరవాత ముల్లు త్రికోణం నుంచి ఎంత దూరం పోయిందో చూస్తే, దిగి ఎన్ని నిమిషాలైందో, వీపు మీది సిలిండర్లో ఇంకా ఎంత గాలి ఉందో తెలుస్తుంది. రింగు తిప్పినప్పుడల్లా టిక్కు టిక్కుమంటుంది, అర నిమిషానికొక టిక్కు.

"రెండు పక్కలా తిరగతాదా?"

"లేదు, ఒక్క పక్కకే. పొరపాటున ఏ రాయికో తగిలి కదిలినా, అయిన టైము ఎక్కువ చూపించాలి తప్ప తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపిస్తే మనిషి భయపడి ముందే పైకొచ్చేస్తాడు, అంతే కదా. తక్కువ చూపిస్తే ఇంకా గాలి ఉందనుకుని లోపలే ఉండిపోతాడు."

చేసినోళ్ళు తెలివైనోళ్ళే అని అమ్మ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఆ వారమే నల్లది కొన్నాను. బెంగళూరులో షోరూం అబ్బాయి, "సార్ డైవింగ్ చేస్తారా?" అని మర్యాదగా అడిగాడు. "మా కుటుంబంలో ఉంది" అన్నాను. "మా నాయన పదివేల అడుగులు దిగాడు." అతను లేచి నిలబడి ఇంకో గ్లాసు జ్యూస్ తెప్పించాడు. రెంటిలో నల్లదాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, దాని రింగు టిక్కు గట్టిది, వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ఎనిమిది నెలల పరిశోధన చివరికి ఒక టిక్కు దగ్గర తేలింది. ధర ఇక్కడ రాయను. ఇది మా ఆవిడ కూడా చదువుతుంది, నేను ఆమెకు చెప్పిన అంకె వేరు.

మొదటి నెల గడియారం సంగటి ఉడకడానికీ, పాలు పొంగే టైముకూ పని చేసింది. నాయన దాన్ని అడిగి తీసుకుని, పడుకున్నచోటే రింగు తిప్పుతూ టిక్కులు లెక్కపెట్టేవాడు. డ్రిల్లింగు మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి, వినాలనుకున్నవి మాత్రం వినిపిస్తాయి. టిక్కులు వేలితో వినేవాడు. నూట ఇరవై అని లెక్క తేల్చి, అబద్ధం లేదు అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

తరవాత కోలారు ప్రయాణం వచ్చింది. నాకప్పుడు వెలిగింది, ఈ గడియారం దేనికోసం పుట్టిందో ఆ పని మా ఇంట్లోనే ఉందని. సిలిండరు, గాలి, నిమిషాలు. సముద్రం ఒక్కటే లేదు. వ్యాన్లో నాయనకు గొట్టం పెట్టి, సిలిండరు తిప్పి, త్రికోణాన్ని ముల్లుకు ఎదురుగా పెట్టి, "పోనీ" అన్నప్పుడు నేను ఎంత పొంగిపోయానో చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆ నెల నలభై నిమిషాల్లో చేరాం. తరవాతి నెల ముప్పై తొమ్మిది. ఇంటికొచ్చి నవ్విన నాప చేనే పండుతుందని మా ఆవిడకు వినిపించేలా రెండుసార్లు అన్నాను.

మూడో నెల టమాటా కాలం. కోలారు మార్కెట్టుకు సరుకొచ్చే రోజుల్లో ఆ రోడ్డు మీద మనుషులు టమాటాల తరవాతే. బయల్దేరేటప్పుడు అమ్మ ఆ మాటే అంది. పది నిమిషాలు చేతిలో ఉన్నాయి కదమ్మా అన్నాను. సరిగ్గా పదింటికి త్రికోణాన్ని ముల్లుకు ఎదురుగా పెట్టి, సిలిండరును సీటు పక్కన కట్టడానికి రెండు చేతులూ కావాల్సొచ్చి గడియారం విప్పి అమ్మ చేతికిచ్చాను. కట్టాక తీసుకుని పెట్టుకున్నాను.

దారిలో మొదటిసారి గడియారం చూశాను. త్రికోణం నుంచి ముల్లు అప్పటికే ముప్పై ఐదు నిమిషాలు దాటింది, మేమింకా సగం దారిలోనే ఉన్నాం. డ్రైవర్ని తొందరపెట్టాను. అతను వింతగా చూసి తొక్కాడు. ఊరి మొదట్లో మార్కెట్టు దగ్గరికొచ్చి వ్యాను ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో టమాటా క్రేట్ల గోడలు. రింగు నలభై ఎనిమిది చూపిస్తోంది. ఇంకా రెండు నిమిషాలు. నాయన కిటికీలోంచి టమాటాలు చూస్తూ హాయిగా కూర్చుని ఉన్నాడు, "కాయ బాగుండాది" అన్నాడు.

ఆసుపత్రి ఆ మార్కెట్టుకు అవతలే. అప్పుడు నేను చేసిన పనులు నా స్వభావానికి చెందినవి కావు. దిగి పరిగెత్తి, ఖాళీ చేస్తున్న తోపుడు బండి ఒకటి పట్టుకుని, దాని మీది చివరి క్రేటు నేనే దించేశాను. బండి మనిషి పోట్లాడబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. నాయన్ని ఎత్తి కూర్చోబెట్టాం. అమ్మ పక్కన ఎక్కి సిలిండరును పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది. "దారి, దారి" అని నేను ముందు, తోసేవాడు వెనక. నలిగిన టమాటాల మీద రెండుసార్లు జారాను. ఒక కమీషన్ మండీ ఆయన మమ్మల్ని వేలం సరుకనుకుని, "ఇది ఏ లాటప్పా?" అని అడిగాడు. నాయన గొట్టంలోంచే, "మెల్లగప్పా, కేజ్ గూడా ఇంత అదరదు" అని కేకలేశాడు. ఆయన ముఖంలో ఎన్నో ఏళ్ళ తరవాత డ్యూటీకి పోతున్న కళ కనిపించింది.

ఆసుపత్రి లోపలికి తోసుకెళ్ళేసరికి ఆయన మాట ఆగింది. పెదవులు రంగు తప్పాయి. నర్సు పరిగెత్తుకొచ్చి గొట్టాన్ని గోడలోని ఆక్సిజనుకు తగిలించింది. రెండు నిమిషాలకు నాయన మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు, మాకు ప్రాణం లేచొచ్చింది. నర్సు సిలిండర్ ఎత్తి చూసి, "ఇందులో ఏమీ లేదు సార్. ఇప్పుడే, ఈ గుమ్మంలోనే అయిపోయినట్టుంది" అంది.

నేను గడియారం ఆమె ముందు పెట్టాను. భయం దిగిన మనిషికి వచ్చే పొగరు వేరు. "చూశారా? యాభై నిమిషాలంటే యాభై నిమిషాలు! సిలిండరువాడు చెప్పింది చెప్పినట్టు!"

"మీరెప్పుడు బయల్దేరారు?"

"సరిగ్గా పదింటికి."

ఆమె గోడ గడియారం చూపించింది. పది నలభై కావస్తోంది. మీ గడియారం పావుగంట వెనక నడుస్తోంది, ఆసుపత్రిలో ఇలాంటి గడియారం పెట్టొచ్చా అని నేను గొంతు పెంచాను. ఆమె విసుగు దాచుకుని, "మా గడియారం సరిగ్గానే ఉంది సార్, మీ చేతిది చూసుకోండి" అంది. చూసుకున్నాను. నాదీ పది నలభై కావస్తోందనే చెప్పింది. దారి పొడుగునా రింగూ త్రికోణమూ చూశాను తప్ప, అంత ఖరీదైన గడియారంలో టైమెంతయిందో ఒక్కసారీ చూడలేదు.

ఇక కంపెనీ మీద విరుచుకుపడ్డాను. రింగు దానంతటది పావుగంట జరిగిందంటే ఎంత నాసిరకం, ఈ రోజే ఉత్తరం రాస్తాను, ఆ తెల్లాయనకు కూడా రాస్తాను అని ఆ వరండాలో అటూ ఇటూ తిరిగాను. అమ్మ బెంచీ మీద కూర్చుని ఖాళీ సిలిండరును ఇంకా ఒళ్ళోనే పెట్టుకుని ఉంది.

"వాళ్ళని అనవద్దప్పా. నేనే తిప్పినాను."

"ఎప్పుడు?"

"నా చేతికిచ్చినావు కదా, అప్పుడు. ముప్పై టిక్కులు. పావుగంట."

"ఎందుకమ్మా?"

"నువ్వే కదప్పా చెప్పినావు, ఎక్కువ చూపించినా ఏం కాదు, తక్కువ చూపించకూడదని." సిలిండరును ఒళ్ళో సర్దుకుంది. "ఆ పొద్దు బొట్టు అరగంట వెనక పెట్టినాను. నాకు భయం కాకూడదని, నా కోసరం పెట్టుకున్నా. ఈయప్ప ఆడ తలకి కట్టు కట్టుకోని, వచ్చేటోళ్ళ మొగాలు చూస్తా కూసోనుండాడు. ఈ తూరి ఆయన కోసరం పెట్టినా."

లెక్క నా బుర్రలోకి నెమ్మదిగా ఎక్కింది. సిలిండర్లో నిండా గాలి నింపలేదు. యాభై నిమిషాలు కాదు, నలభై కూడా రాలేదు. రింగు నేను పెట్టినచోటే ఉండి ఉంటే, ఆ లారీల మధ్య అది ముప్పై మూడు చూపించేది. ఇంకా చాలా టైముందని నేను కిటికీలోంచి చెయ్యి బయట పెట్టుకుని, టమాటా ధర అడుగుతూ కూర్చునేవాణ్ణి. అమ్మ పక్కన కూర్చుని ఏడ్చాను. యాభై రెండేళ్ళవాడు, బట్టల నిండా టమాటా రసంతో, ఆసుపత్రి వరండాలో ఏడుస్తుంటే జనం పెద్ద ప్రమాదమేదో జరిగిందనుకున్నారు. నలభై ఐదేళ్ళుగా ఆమె ఆ అరగంటను లోపల పెట్టుకుని ఉంటే, మేము దాన్ని కూరలో ఉప్పుకు జోకుగా వాడుకున్నాం.

లోపల మంచం మీద నాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాం. తలుపు తెరిచే ఉంది, వినాలనుకున్నది ఆయనకు వినిపిస్తుందని ముందే చెప్పాను. అమ్మ దగ్గరికి పోయి దుప్పటి సర్దింది.

"ఆ పొద్దు అరగంట లేటు" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఈ పొద్దు పావుగంట ముందు. అంటే నాకు ఇంగా పావుగంట బాకీ ఉండావు."

ఆ మాటకు అమ్మ మొదటిసారి నవ్వింది.

"నెలకింత తీరుస్తాను లే. తొందరేముండాది నీకు?"

నాయన గొట్టంలోంచి గట్టిగా ఒక ఊపిరి పీల్చుకుని, సరే అన్నాడు.